వెలుగు చూడని కణాలు

టి. నగర్, చెన్నై
ఏప్రిల్ 9

హైందవక్కకి,

నువ్వు నేర్పిన తెలుగులోనే రాస్తున్నాను. మా ఇంట్లో తరతరాలుగా తెలుగు మాట్లాడతాం గానీ రాయడం రాదని నువ్వు ఎగతాళి చేసేదానివి. వారానికో ఉత్తరం రాయించి ఎర్ర పెన్నుతో దిద్దేదానివి. ల్యాబ్ వదిలి షోళింగనల్లూరు కంపెనీలో చేరిన దగ్గర్నుంచీ నువ్వు నా ఫోన్ ఎత్తడం లేదు. ఊరొకటే అయినా ఉత్తరం రాయాల్సి వచ్చింది.

అక్కా, పనిచేసింది. నువ్వు వదిలివెళ్ళిన ప్రయోగమే.

నిన్న భోజనాల దగ్గర అమ్మ నా చేతులు చూసి మొదలుపెట్టింది. "ఏందిమే ఇది, ఇట్లా ఎర్రగా కాలింది? ఎండలో బండి మీద పోవద్దని చెప్తే వినవు కదా."

కాలిందని ఎలాగూ అడిగింది కదా అని మన పనంతా చెప్పేశాను. "ఎండలో యూవీ ఉంటాది మా. అది చర్మంలో ఉండే కణం మీద పడితే లోపలి ఆర్‌ఎన్‌ఏ తుంపులు తుంపులయి పోతాది. కణం చచ్చి పగిలితే ఆ తుంపులు బయటికి వస్తాయి. పక్కనుండే కణం వాటిని చూసి, ఏదో వైరస్ లోపలికొచ్చిందని గోల చేస్తాది. ఆ గోలకే ఎరుపు, వాపు, మంట. ఇదీ మా అనుమానం. ఇంకా రుజువు చెయ్యలేదు."

అమ్మ ముద్ద పట్టుకుని ఆలోచించింది. "ఆడ చచ్చిపోయినదానికి ఈడ బాగుండేదానికి ఎందుకు మంట?"

"అదేదా మా మేము చూసేది" అన్నాను.

ఇప్పుడది చూశాను అక్కా. మొదటి ప్లేటులో కణాలకి యూవీ కొట్టాను. అవి చచ్చిన పోషక ద్రవం, అదే మీడియం తీసి, వెలుగే చూడని కణాలున్న రెండో ప్లేటులో పోశాను. మర్నాటికి రెండో ప్లేటు మండిపోతోంది. వాపు తెచ్చే ప్రోటీన్లు కొలిస్తే దాదాపు మొదటి ప్లేటులో ఉన్నంత వచ్చాయి. మన గైడ్ దేవరాజులు సర్ ఆ అంకెలు చూసి కుర్చీలోంచి లేచారు. ఆయన లేవడం నువ్వెప్పుడైనా చూశావా?

నా ఫెలోషిప్ ఆగస్టుతో అయిపోతుంది. ఆగస్టు మీటింగ్‌లో కమిటీ ముందు ఈ ఫలితం నిలబడితే ఇంకో రెండేళ్ళు ఇస్తారు. లేకపోతే నేనూ నీలాగే ఏదో కంపెనీ చూసుకోవాలి.

నీకు ఐదేళ్ళూ ఎందుకు రాలేదో నాకు అర్థం కావడం లేదు. నేను చేసింది ఒక్కసారే.

నీ
శ్రీప్రియ


షోళింగనల్లూరు
ఏప్రిల్ 21

ప్రియా,

సంతోషం. ఈ ఒక్క మాట కోసం రెండు కాగితాలు చింపాను. ముందు 'చాలా సంతోషం' అని రాస్తే చదవడానికి నాకే అబద్ధంలా కనిపించింది. 'చాలా' తీసేశాక కొంచెం నమ్మేలా ఉంది.

ఫోన్ ఎందుకు ఎత్తనో చెప్తాను. ఎత్తితే నీ గొంతులో ఉత్సాహం వినాలి. ఉత్తరమైతే మడిచి సొరుగులో పెట్టి, కాఫీ తాగి, ధైర్యం వచ్చాక మళ్ళీ తీసి చదువుకోవచ్చు. నీ ఉత్తరాన్ని అలాగే విడతలుగా చదివాను. 'నీలాగే ఏదో కంపెనీ' దగ్గర కాఫీ మళ్ళీ పెట్టుకోవాల్సి వచ్చింది.

నేను ఐదేళ్ళు పొయ్యి ఊది ఊది కళ్ళు పోగొట్టుకుని లేచిపోతే, నువ్వు వచ్చి కూర్చోగానే అన్నం ఉడికినట్టుంది. నాకెందుకు రాలేదని అడిగావు. నేను వదిలి వచ్చిందే ఆ ప్రశ్నకి జవాబు లేక కదా.

ఇక్కడ నా ఉద్యోగం ఎరుపు చూడటం. వాలంటీర్ల వీపు మీద గళ్ళు గీసి ఒక్కో గడిలో ఒక్కో సన్‌స్క్రీన్ పూస్తారు, యూవీ దీపం పెడతారు. మర్నాడు ఏ గడి కందింది, ఎంత కందింది అనేది నేను చెప్పాలి. భీమవరంలో మా అమ్మ ఇంకా నేను చర్మం డాక్టర్నే అనుకుంటోంది. నేనూ కాదనలేదు.

ఆ అలవాటు కొద్దీ అడుగుతున్నాను. నీ చేతులు ఎంతవరకు ఎర్రబడ్డాయి? ఇంకెక్కడైనా కందిందా? కళ్ళు మండాయా?

ఇంకో సంగతి. మూడో ప్లేటు గురించి నువ్వు ఒక్క మాటా రాయలేదు. దెబ్బ తగలని కణాల మీడియం పోసే ప్లేటు. అది చప్పగా ఉంటేనే కదా రెండోదాని మంటకి విలువ. అదెలా వచ్చింది?

హైందవి


టి. నగర్
మే 4

అక్కా,

నీ ఉత్తరం చదివి వినిపిస్తే అమ్మ "ఎంత అక్కర ఆ అమ్మికి నీమీద" అంది. నిజమే, చేతుల గురించి అంత వివరంగా ఇంకెవరూ అడగలేదు.

మణికట్టు దగ్గర గీత గీసినట్టు మొదలై మోచేతి దాకా ఎరుపు. గడ్డం కింద, మెడ ముందు భాగం కూడా. కళ్ళలో ఇసుక పోసినట్టు ఉండి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత తగ్గిపోయింది. ఈ ఏడాది పాండీబజార్ ఎండ అలా ఉంది మరి. అమ్మ పెరుగు రాసింది.

సర్ సెమినార్‌లో నా గ్రాఫ్ చూపించారు. అందరూ వెళ్ళాక, "హైందవికి తెలివి ఉండింది, చెయ్యి కుదరలేదు. నీకు కుదిరింది. అంతేదా" అన్నారు. నీకు చెప్పకూడదేమో, కానీ నీ దగ్గర నేను ఏదీ దాచను కదా.

మూడో ప్లేటు నేను ప్రత్యేకంగా పెట్టలేదు. సర్‌నే అడిగాను. "ఆ అమ్మి చేసిన మూడో ప్లేట్లు అన్నీ ఒకటే మాదిరి వచ్చినాయి, ఒక్కటి కూడా తప్పు పోలేదు. మళ్ళీ ఎందుకు కణాలు వేస్టు చేస్తావు, అవే పెట్టుకో" అన్నారు. నీ పాత అంకెల్నే నా గ్రాఫ్‌లో పక్కన పెట్టాను. చూడు, నువ్వు లేకపోయినా నీ పని నాకు ఉపయోగపడుతోంది.

మీటింగ్‌కి గంధం రంగు పట్టుచీర తీసింది అమ్మ. నాకు కాటన్ చాలంటే వినలేదు.

శ్రీప్రియ


షోళింగనల్లూరు
మే 20

ప్రియా,

ఈ ఉత్తరం రాయకుండా కొన్నాళ్ళు ఆగాను. ఎందుకో చివర చెప్తాను.

నువ్వు స్కూటర్ మీద వెళ్ళేటప్పుడు ముఖానికీ మెడకీ చున్నీ చుట్టి పైన హెల్మెట్ పెడతావు. చున్నీ లేకపోయినా, ఎండ పైనుంచి పడుతుంది గానీ గడ్డం కిందకి దూరదు. ఎండకి మణికట్టు దగ్గర గీత గీసినట్టు ఆగాల్సిన పనీ లేదు. అది రబ్బరు గ్లవ్ అంచు. నువ్వు ల్యాబ్‌లో కాలావు.

కిటికీ పక్కనున్న పాత హుడ్‌లో, కణాలతో పనిచేసే ఆ గాజు పెట్టెలో పనిచేసి ఉంటావు. కొత్త హుడ్‌లలో ముందున్న గాజు పైకెత్తగానే క్రిముల్ని చంపే యూవీ దీపం దానంతటదే ఆరిపోతుంది. పాతదానిలో ఆరదు, మనమే స్విచ్ నొక్కి ఆపాలి. ట్యూబ్‌లైటు కూడా వేసుకుంటే ఆ నీలం వెలుగు కంటికి ఆనదు. నువ్వు పొట్టిదానివి, గాజులోంచి చూడకుండా కిందనుంచి వంగి చూస్తావు. స్టీలు బల్ల మీద పడ్డ వెలుగు ఎగిరి నీ గడ్డం కిందకీ కళ్ళలోకీ వచ్చింది.

రెండో ప్లేటు మూత తీసి మీడియం మార్చినంతసేపూ ఆ కణాల మీదా అదే వెలుగు పడింది. వెలుగు చూడని కణాలని నువ్వు రాసినవి నీతోపాటే కాలాయి. ఇక అవి మండటంలో వింతేముంది?

మూడో ప్లేటు కూడా అదే రోజు అదే హుడ్‌లో పెట్టి ఉంటే అదీ మండేది, నీకు అప్పుడే తెలిసిపోయేది. నువ్వు పెట్టలేదు. నా అంకెలు తెచ్చుకున్నావు. నేను దీపం ఆపి చేసిన ఐదేళ్ళ పని నీకు సున్నాగా పనికొచ్చింది.

మళ్ళీ చెయ్యి. దీపం తీసేసి, మూడు ప్లేట్లూ ఒకేరోజు పెట్టి చెయ్యి. అంతవరకు కమిటీ ముందు నిలబడకు. అక్కడ ఎవరైనా నీ మూడో ప్లేటు సంగతి అడిగితే ఫెలోషిప్పే కాదు, పేరు కూడా పోతుంది.

ఇక ఎందుకు ఆగానో. ఈ సంగతి తట్టింది ఆఫీసు క్యాబ్‌లో. ఒక్కదాన్నే పైకి నవ్వేశాను. పక్కన కూర్చున్న మా ఆఫీసు జెబ "ఎన్నాచ్చు?" అని ఏమైందో అడిగింది. ఏదో గుర్తొచ్చిందన్నాను. నా స్నేహితురాలి ప్రయోగం తప్పని తెలిసి నవ్వుతున్నానని ఎలా చెప్పను? ఆ సంతోషం తగ్గాక రాద్దామనుకున్నాను. పూర్తిగా తగ్గలేదు. అయినా మీటింగ్‌లోపు మళ్ళీ చేసుకోవడానికి నీకు టైం ఉండాలని రాస్తున్నాను.

హైందవి


టి. నగర్
జూన్ 2

హైందవి గారికి,

మీ ఉత్తరం సర్‌కి చదివి వినిపించాను. "ఆ అమ్మికి కడుపుమంట. ఇట్లాంటివి పట్టించుకుంటే పని జరగదు. పోయి స్లయిడ్లు చేసుకో" అన్నారు.

నేను దీపం ఆపకుండా హుడ్‌లో చేతులు పెడతానని మీరు అనుకున్నారంటే, నన్ను ఎంత తక్కువగా చూశారో తెలిసింది. మూడేళ్ళు మీ పక్కన కూర్చుని పని నేర్చుకున్నాను. నాకు ఏమీ రాలేదనేగా మీ ఉద్దేశం? చేతులు ఎర్రబడ్డాయని అమ్మ బాధపడింది. మీరేమో అందులో సాక్ష్యం వెతుక్కున్నారు. కళ్ళు మండాయా అని మీరు అడిగితే అక్కర అనుకుని మురిసిపోయాను చూడండి, నాకే నవ్వొస్తోంది.

మీరు ల్యాబ్ వదిలిన రోజు నా చెయ్యి పట్టుకుని "నా కుర్చీ జాగ్రత్త" అన్నారు. అందులో ఎవరూ కూర్చోకుండా చూడమని అర్థం అని నాకు అప్పుడు తెలియలేదు. మీకు రానిది ఇంకెవరికీ రాకూడదు. కుళ్ళు అనే మాటకి నాకు ఎర్ర పెన్ను అక్కర్లేదు, స్పెల్లింగ్ బాగానే వచ్చు.

ఆగస్టులో నేను ఆ గ్రాఫే చూపిస్తాను. ఇక మీరు రాయనక్కర్లేదు.

శ్రీప్రియ


షోళింగనల్లూరు
జూన్ 7

ప్రియా,

రాయనక్కర్లేదన్నావు గానీ ఇది ఒక్కటీ చదువు.

కుళ్ళు అన్నావు. అవును. క్యాబ్‌లో నవ్వానని నేనే రాశాను, నువ్వు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. నువ్వు ఆ కుర్చీలో కూర్చోవడం నాకు ఇష్టం లేదు. సర్ నీకోసం లేచారని చదివిన దగ్గర్నుంచీ అదే కళ్ళ ముందు ఆడుతోంది. ఆయన నాకోసం ఒక్కసారీ లేవలేదు. కానీ నేను ఎంత కుళ్ళుకున్నా ఆ దీపం నా కుళ్ళుతో వెలగలేదు కదా.

నేను సర్‌కి గానీ కమిటీకి గానీ రాయను. నేను రాస్తే వాళ్ళు దీపం గురించి ఆలోచించరు, నా గురించే మాట్లాడుకుంటారు. చూడాల్సింది నువ్వే.

ఎప్పుడూ పనిచేసినట్టే పాత హుడ్ తెరిచి, పని మొదలుపెట్టే ముందు చేసేవన్నీ చెయ్యి. తర్వాత గది లైట్లూ, హుడ్ ట్యూబ్‌లైటూ ఆపు. లోపల చీకటిగా ఉంటే ఉత్తరం రాసి నన్ను ఎన్నయినా తిట్టు, పడతాను.

చూసేటప్పుడు ముఖానికి ప్లాస్టిక్ షీల్డ్ పెట్టుకో. కళ్ళు మళ్ళీ పాడుచేసుకోకు.

హైందవి


టి. నగర్
జులై 28

అక్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక ఇన్నాళ్ళూ రాయలేదు.

నువ్వు చెప్పినట్టు లైట్లన్నీ ఆపాను. హుడ్ లోపల నీలంగా వెలుగుతోంది. స్టూలు మీద కూర్చుండిపోయాను. ట్యూబ్‌లైటు స్విచ్ వేస్తే దీపం ఆరిపోతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నేను పని నేర్చుకున్న కొత్త హుడ్‌లో గాజు ఎత్తగానే ఆరేది, అది స్విచ్ వల్లే అనుకున్నాను. ఏడ్చాను. ముందు నామీద కోపంతో ఏడ్చాను, తర్వాత నువ్వు చెప్పిందే నిజమైనందుకు ఏడ్చాను. ఏది ఎక్కువో చెప్పలేను.

సర్‌ని పిలిచి చూపించాను. ఆయనే స్విచ్ నొక్కి దీపం ఆపారు. తర్వాత, "మూడో ప్లేటు వద్దన్నది నేను. కానీ కమిటీ ముందర నిలబడేది నువ్వు. ఏం చేస్తావో చూసుకో" అని వెళ్ళిపోయారు. ఎలక్ట్రీషియన్ మోసెస్ అన్న చేత ఆ దీపం పీకించేశాను.

మూడు ప్లేట్లూ ఒకేరోజు పెట్టాను. రెండో ప్లేటులో మంట బాగా తగ్గిపోయింది. కానీ పోలేదు అక్కా. మూడోది చప్పగా ఉంది, రెండోది మండుతోంది. నమ్మకం కుదరక వేరే మనిషి చర్మంలోంచి పెంచిన కణాలతో చేశాను. మళ్ళీ అంతే. ఎంజైమ్ వేసి మీడియంలో ఆర్‌ఎన్‌ఏని నాశనం చేసి పోస్తే రెండో ప్లేటు కూడా చప్పబడిపోయింది. అంటే పక్క కణాలకి కబురు మోసేది ఆ తుంపులే. మనం అనుకున్నదే నిజం.

ఇక రాయాలా వద్దా అని తేల్చుకోలేకపోయిన మాట. మరి నీకెందుకు రాలేదు? నువ్వు నేర్పిన పద్ధతిలో, చచ్చిన కణాల మీడియంని గిరగిరా తిప్పి, పైతేట తీసి, సన్న ఫిల్టర్లో వడగట్టి, అద్దంలా అయ్యాక పోయాలి. నాకు అంత ఓపిక లేదు, నీకు తెలుసు. ఆ పని ఎగ్గొట్టి మడ్డితోనే పోశాను. ఇప్పుడు రెండు రకాలుగానూ చేసి చూశాను. వడగట్టి పోస్తే ఏమీ లేదు, వడగట్టకుండా పోస్తే మంట. నువ్వు శుభ్రం చేసి పారేసిన మడ్డిలోనే ఉంది అక్కా అంతా.

ఇది తెలిసినప్పుడు నేనూ నవ్వాను. నువ్వు క్యాబ్‌లో నవ్వానని రాసినప్పుడు ఎంత అసహ్యం వేసిందో, సరిగ్గా అదే నవ్వు. మూడేళ్ళు నిన్ను చూసి, ఇంత శుభ్రంగా నేనెప్పటికి చేస్తానా అని ఏడ్చినదాన్ని కదా.

మీటింగ్ ఆగస్టు 22న. నువ్వు రావాలి. పేపర్ కూడా రాస్తున్నాం. మొదటి పేరు ఎవరిదో మీరిద్దరే తేల్చుకోండని సర్ అన్నారు. ప్రశ్న నీది, దీపం తప్పు పట్టుకున్నది నువ్వు. మడ్డి పోసింది నేను. నాకు తేలడం లేదు. నువ్వే చెప్పు. ఎవరి పేరు రాస్తే అదే పెడతాను, మళ్ళీ మాట్లాడను.

నీ
ప్రియ


షోళింగనల్లూరు
ఆగస్టు 24

ప్రియా,

వడగట్టిన సంగతి చదివిన రోజు ఆఫీసుకి వెళ్ళలేదు. అమ్మ ఫోన్ చేస్తే జ్వరమన్నాను. ఐదేళ్ళలో సింకులో పారబోసిందంతా గుర్తొచ్చింది. ఫిల్టర్ మీద మడ్డి పేరుకున్నకొద్దీ ఎంత తృప్తిగా ఉండేదో. నా పని ఎంత శుభ్రమో చూడండని సర్‌కి చూపించేదాన్ని కూడా. నువ్వు బద్ధకించడం వల్ల దొరికిందని తెలిస్తే మనిషికి ఎలా ఉంటుందో నీకు చెప్పలేను. నీమీద కోపం రావడానికి నువ్వు చేసిన తప్పేమీ లేదు. అయినా వచ్చింది. ఇంకా ఉంది.

మీటింగ్‌కి వచ్చాను. నీకు కనబడలేదు, వెనక వరసలో ఒక పొడుగాయన వెనక కూర్చున్నాను. మొదటి పేరు నాది పెట్టమని అడగడానికే వచ్చాను. అదే సంగతి ఉత్తరంలో రాస్తే అత్యాశలా కనబడుతుంది, ఎదురుగా అడిగితే నువ్వు కాదనలేవు. క్యాబ్‌లో దారి పొడుగునా ఎలా అడగాలో మాటలు కూర్చుకున్నాను. ప్రశ్న నాది, ఐదేళ్ళు నావి, దీపం కనిపెట్టింది నేను. అన్నీ న్యాయమైన మాటలే.

నువ్వు లేచి మొదటి స్లయిడ్‌లోనే ఆ తప్పు గ్రాఫ్ పెట్టావు. దీపం ఆపలేదని, మూడో ప్లేటు పెట్టుకోలేదని, చేతులు కాలినా తెలుసుకోలేదని చెప్పావు. ముందు వరసలో సర్ తల దించుకున్నారు. కమిటీలో ఆ తెల్లజుట్టు ఆవిడ, "సరిచేసిన ఫలితం ఉందిగా, ఇదెందుకు చూపిస్తున్నావు?" అని అడిగింది. "ఇది చూపించకపోతే తప్పు పట్టుకున్నది ఎవరో చెప్పడానికి చోటుండదు మేడం" అన్నావు. అని నా పేరు చెప్పావు. ఇంటిపేరుతో సహా చెప్పావు.

నేనైతే చెప్పేదాన్ని కాదు ప్రియా. సరైన గ్రాఫ్ చూపించి కూర్చునేదాన్ని. మంచివాళ్ళు కూడా అంతే చేస్తారు, అది అబద్ధమని ఎవరూ అనరు. నీ స్థానంలో నన్ను పెట్టుకుని ఎన్ని రకాలుగా చూసినా, ఆ మొదటి స్లయిడ్ నేను పెట్టను. నీ ఫలితం మీద కుళ్ళు ఎలాగో మింగుదామని వచ్చాను. ఇది దానికంటే పెద్దది, దీన్ని ఏం చెయ్యాలో తెలియడం లేదు.

నీకు రెండేళ్ళు పొడిగిస్తున్నామని వాళ్ళు చెప్పినప్పుడు చప్పట్లు కొట్టాను. మీ అమ్మ ముందు వరసలోంచి వెనక్కి తిరిగి అందర్నీ చూసుకుంటోంది. నేను వంగి చెప్పు సరిచేసుకున్నాను. తర్వాత నీ చుట్టూ జనం మూగారు. మెట్ల దగ్గర కాసేపు నిలబడి వచ్చేశాను.

మొదటి పేరు నీదే పెట్టు. ఇది నా పెద్దమనసు అనుకుని అందరికీ చెప్పకు. నాది పెడితే, ఆ పేపర్ తెరిచినప్పుడల్లా నువ్వు ఆ గ్రాఫ్ ముందు నిలబడ్డ తీరు గుర్తొచ్చి నా పేరు నేనే చదువుకోలేను. నీది పెడితే మామూలుగా కడుపు మండుతుంది. దానితో నాకు బాగా అలవాటు, భరించగలను.

రెండో పేరు మాత్రం నాదే ఉండాలి. మధ్యలో ఇంకెవర్నీ దూర్చకు.

హైందవి